నందిగామ నుంచి పేటకు

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలవలూ, కొబ్బరిచెట్లూ, వరిచేలూ మనసులో మెదులుతాయి. విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టినవారికి గదా రెండో కృష్ణా జిల్లా కనిపించేది! కీసర దగ్గర మునేరు వంతెన దాటితే అంతా మెట్ట. నల్లరేగడి, పత్తి, మిరప, దూరాన బోడిగుట్టలు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నందిగామ, జగ్గయ్యపేటలు ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. అయినా పెద్దవాళ్ళ నోట అది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే.

నందిగామలో మా బావగారు కాపురం ఎత్తేసి, జగ్గయ్యపేటలో కూతురి ఇంటికి చేరుతుంటే సామాను సర్దడానికి వెళ్ళాను. మంచాలూ, బీరువా, ఇత్తడి బిందెలూ వ్యానెక్కాయి. అరుగుమీద ఒక్కటే మిగిలింది — మాసిన తెలుపు రంగు పెట్టెలో ఒక తెర, దానికో కీబోర్డు. పాత సామాన్లవాడు దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి ధర చెప్పాడు. “నాన్నా, అది కూడా ఎందుకు? ఇక్కడ చోటెక్కడుంది?” అని కూతురు ముందే ఫోను చేసింది. బావగారు ఎవరికీ జవాబు చెప్పలేదు. గుడ్డతో తెర తుడిచి, “ఏమోయ్, కారులో నీ ఒళ్ళో పెడితే ఇబ్బందా?” అన్నారు.

అది వీటీ 220. అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీవారు 1983లో తెచ్చిన టెర్మినలు. టెర్మినలంటే కంప్యూటరు కాదు సుమండీ! లెక్కలు చేసే యంత్రం ఎక్కడో చల్లటి గదిలో ఉంటుంది. మనం కొట్టిన అక్షరాన్ని అక్కడికి పంపి, వచ్చిన జవాబును చూపించడమే దీని పని. 1980లలో ఢిల్లీలో మొదలై ఊరూరా పాకిన రైల్వే కంప్యూటరు రిజర్వేషన్లకు గుమాస్తాల ముందు ఉండేవి ఈ జాతి తెరలే.

బావగారు హైదరాబాదులో పాతికేళ్ళు ఇలాంటివాటికి మరమ్మతులు చేసిన మనిషి. ఏ. ఎస్. రావుగారి పూనికతో 1967లో వెలసిన ఈసీఐఎల్, 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు తయారుచేసిన ఊరు అది. ఆఫీసు పాత సరుకు వేలం వేసిననాడు దీన్ని పాడుకున్నారు.

దారిలో పాఠం మొదలైంది. “వరుసకు 80 అక్షరాలే ఎందుకో తెలుసా? 1928లో ఐబీఎం వారి చిల్లుల కార్డుకు 80 నిలువు గళ్ళుండేవి. ఆ లెక్కే తెరమీదికి వచ్చింది. బాణం గుర్తుల మీటలు చూడు, పైన ఒకటి, కింద మూడు. ఆ అమరిక లోకానికి అలవాటు చేసింది ఈ కీబోర్డే. మీ ఇంట్లో ఇవాళ ఉన్నదీ అదే!”

“తెలుగు వస్తుందా?” అన్నాను.

“పుట్టుకతో రాదు. ఆ లోటు ఉన్నది,” అని ఒప్పుకున్నారు.

చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు వదిలి పేటలోకి తిరిగాం. సాయంత్రం ఇంజనీరింగు చదివే మనవడు పాత తీగకూ తన కొత్త కంప్యూటరుకూ మధ్య చిన్న అడాప్టరు తగిలించాడు. రెండు వైపులా వేగం సెకనుకు 9600 బిట్లకు సరిచేసి, “కానీ, తాతయ్యా” అన్నాడు. బావగారు స్విచ్చి వేశారు. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. తెర మెల్లగా వేడెక్కింది. తనను తాను పరీక్షించుకుని, “వీటీ 220 ఓకే” అన్నది! మరుక్షణం మనవడి కంప్యూటరు ఆ తెరమీదే అతని పేరు అడిగింది.

ఇందులో మాయేమీ లేదు. తెరతో ఎలా మాట్లాడాలో 1979లోనే అమెరికాలో ఒక ప్రమాణం కుదిరింది. వీటీ 220 దానికి కట్టుబడి తయారైనది. నేటి కంప్యూటర్లూ ఆ భాష మరవలేదు. తయారుచేసిన కంపెనీని 1998లో కాంపాక్ కొనేసింది. కంపెనీ పోయినా దాని తెర మాట చెల్లుతూనే ఉన్నది.

మర్నాడు పొద్దున్నే ధనబోడు వెళ్ళాను. 1882లో బర్జెస్ దొర పరిశీలించిన బౌద్ధస్తూపం అక్కడిది. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఏలుబడి ఇరవయ్యో ఏట, సిద్ధార్థుడనే పనివాడు తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలిపినట్లు శాసనం ఉన్నది. రాజు పేరుతోబాటు పనివాడి పేరూ మిగిలింది! తెర చేసినవారి పేర్లు పెట్టెమీద లేవు. కాని పనిలో వారు చూపిన శ్రద్ధ మీట నొక్కినప్పుడల్లా వేలికి తెలుస్తుంది.

తిరిగి వచ్చేసరికి బియ్యం డబ్బా వరండాలోకి చేరింది. దాని చోట బల్ల, బల్లమీద తెర.

“చోటు లేదన్నావుగా అమ్మా?” అన్నాను.

“పనిచేసేదాన్ని ఎవరైనా పారేస్తారా బాబాయ్!” అన్నది, ఏమీ ఎరగనట్లు.