ఒకవైపు అడవి... ఒకవైపు కడలి!

కుడిచేతి వైపు సముద్రం. ఎడమచేతి వైపు ఆకాశాన్నంటే దేవదారు చెట్లు. మధ్యలో నున్నటి దారి. ఎక్కడా ఎత్తెక్కే పనిలేదు, వెనక హారన్ మోత లేదు. సైకిల్ తొక్కడం మరచిపోయిన నాన్న, నిన్నగాక మొన్న నేర్చుకున్న పాప... ఇద్దరూ కలిసి చుట్టేసి రావచ్చు. కెనడాలోని వాంకూవర్ నగరంలో, స్టాన్లీ పార్కు చుట్టూ సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ దారి పేరు సీవాల్. పొడవు సుమారు 9 కిలోమీటర్లు.

స్టాన్లీ పార్కు ఓ చిన్న ద్వీపకల్పం. నగరం నడిబొడ్డు నుంచి సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఈ నేల విస్తీర్ణం వెయ్యి ఎకరాలు. పార్కును 1888లో ప్రజల కోసం తెరిచారు. అక్కడున్న పిల్లల్ని చూసొద్దామని మన ఊళ్ల నుంచి వెళ్లే అమ్మానాన్నలకు వాళ్లు మొదట చూపించే చోట్లలో ఇదొకటి.

సవ్యదిశలో వద్దు!

పార్కు ప్రవేశ ద్వారానికి కాస్త ఇవతల, డెన్మన్ వీధి చుట్టుపక్కల అద్దె సైకిళ్ల దుకాణాలున్నాయి. గేర్లున్న మౌంటెయిన్ బైకులు, ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్లు, పసిపిల్లల్ని కూర్చోబెట్టి వెనక తగిలించుకునే బండ్లు... ఏది కావాలంటే అది. పెద్దాచిన్నా తేడా లేకుండా హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, అది అక్కడి చట్టం. ఇంకో నియమం కూడా ఉంది. సైకిళ్లన్నీ గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగానే వెళ్లాలి. ఎదురు వచ్చే సైకిల్ ఉండదు కాబట్టి కొత్తవారికీ భయం ఉండదు. నీటి అంచున ఉన్న వరస నడిచేవారిది, లోపలి వరస సైకిళ్లది. గంటకు 15 కిలోమీటర్లు మించకూడదు. అయినా ఇక్కడ తొందరపడేదెవరు? ఆగుతూ, చూస్తూ వెళ్తే గంటన్నర పడుతుంది.

బయల్దేరగానే పడవలు బారులు తీరిన కోల్ హార్బర్. అక్కడి నుంచి కాస్త ముందుకెళ్తే రంగురంగుల టోటెమ్ స్తంభాలు. ఆ తీరంలోని ఆదివాసులు దేవదారు మానుల్లో తమ వంశాల కథల్ని చెక్కుకునే తీరు ఇది. ఆ తర్వాత ఓ పాత ఫిరంగి. 1816లో ఇంగ్లండులో పోతపోసిన ఈ ఫిరంగి ఇప్పటికీ రోజూ రాత్రి సరిగ్గా 9 గంటలకు పేలుతుంది. ఒకప్పుడు ఓడలవాళ్లు దాని చప్పుడు విని తమ గడియారాలు సరిచేసుకునేవారు.

బ్రాక్టన్ పాయింట్ దగ్గరున్న ఎర్రచారల దీపస్తంభం దాటాక దారి మలుపు తిరుగుతుంది. ఎదురుగా మంచుకొండలు. వాటి కింద అవతలి ఒడ్డున పసుపు రాశి పోసినట్టు మెరిసే గుట్టలు... ఓడలకెక్కడానికి సిద్ధంగా ఉన్న గంధకం అది! నీళ్లలో బండమీద కూర్చున్న ఓ అమ్మాయి విగ్రహాన్ని చూసి చాలామంది జలకన్య అనుకుంటారు. కాదు. ఈతదుస్తులు వేసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్న మామూలు అమ్మాయే. ఎలెక్ ఇమ్రెడీ మలిచిన ఈ విగ్రహాన్ని 1972లో అక్కడ నిలిపారు.

గవ్వల కింద ఊరు

అక్కడికి దగ్గర్లోనే పిల్లలు నీళ్లలో ఆడుకునే పచ్చిక మైదానం ఉంది. పేరు లంబర్‌మెన్స్ ఆర్చ్. ఒకప్పుడు అది ఖ్వైఖ్వై అనే ఊరు. మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ జాతుల వారికి తరతరాల నివాసం. వాళ్లు తిని పడేసిన ఆలిచిప్పలు గుట్టలుగా పేరుకుని ఉండేవి. 1888లో పార్కు రోడ్డు వేసేటప్పుడు ఆ గుట్టల్ని తవ్వి, చిప్పల్నే రోడ్డుమీద పరిచారు. చూసినవాళ్లు ఎంత తెల్లటి రోడ్డో అని మురిసిపోయారు. ఊరివాళ్లు మాత్రం క్రమంగా ఖాళీ చేయాల్సి వచ్చింది. బ్రాక్టన్ పాయింట్ దగ్గర మిగిలిన కుటుంబాలనూ ఆక్రమణదారులేనని 1920లలో న్యాయస్థానాలు తేల్చాయి. వారిలో చివరి వ్యక్తి 1958లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నారు. పార్కు అనగానే మనుషులు లేని అడవి అనుకుంటాం. ఇక్కడ మాత్రం మనుషులున్న చోటే పార్కయింది!

మేస్త్రి మిగిల్చిన గోడ

1938 నాటి లయన్స్ గేట్ వేలాడే వంతెన కిందుగా దూరిపోయాక గాలి మారుతుంది. ఇక్కడి నుంచి తీరమంతా నిటారు కొండచరియ. ఈ దారి కింద ఉన్న రాతిగోడ సంగతి తెలుసుకోవాల్సింది ఇక్కడే. పక్కనున్న సన్నటి జలమార్గంలో ఓడలు పెరిగేకొద్దీ వాటి అలలు ఒడ్డును కోసేయడం మొదలుపెట్టాయి. దాన్ని ఆపడానికి 1917లో గోడ పని ఆరంభించారు. పనుల్లేని రోజుల్లో నిరుద్యోగులకు అదే కూడు పెట్టింది. స్కాట్లండు నుంచి వచ్చిన రాతిమేస్త్రి జేమ్స్ కనింగ్‌హామ్ 1931లో ఈ పనిలో చేరాడు. సముద్రం వెనక్కి తగ్గిన గంటల్లోనే రాళ్లు పేర్చాలి. పోటు వచ్చేలోగా ఆపాలి. 1955లో విరమణ అయినా మేస్త్రి ఇంట్లో కూర్చోలేదు. వచ్చి గోడ చూసుకుంటూనే ఉన్నాడు. 1963లో పోయాడు. చుట్టూ పూర్తయింది 1971లో. తను కట్టిన దారిలో ఒక్క పూర్తి చుట్టయినా తిరిగే యోగం ఆయనకు లేకపోయింది.

ఆయన స్మారక ఫలకం సివాష్ రాక్ సమీపంలో ఉంది. సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ ఎత్తయిన రాతి స్తంభమది. నెత్తిన చిన్న చెట్టు! దీని వెనక స్క్వామిష్ వాళ్ల కథ ఒకటుంది. పుట్టబోయే బిడ్డ కోసం పరిశుద్ధుడు కావాలని ఓ యువకుడు ఈదుతున్నాడట. దేవదూతల పడవ వచ్చి తప్పుకోమన్నా అతను తప్పుకోలేదు. అతని పట్టుదలకు గుర్తుగా వాళ్లు అతన్ని శిలగా నిలిపారు. ఆ కథను కవయిత్రి పౌలిన్ జాన్సన్ 1911లో పుస్తకంలోకి ఎక్కించారు. ఆమె సమాధి కూడా ఈ పార్కులోనే ఉంది.

తర్వాత వరసగా ఇసుక తీరాలు. పిల్లలకు ఐస్‌క్రీమ్, పెద్దలకు కాస్త విశ్రాంతి. అక్కడి నుంచి లాస్ట్ లగూన్ చెరువు పక్కగా వెళ్తే మొదలుపెట్టిన చోటికే చేరతారు.

అలలు మాత్రం విశ్రమించవు. 2006 డిసెంబరులో వచ్చిన పెనుగాలికి పార్కులో దాదాపు 10 వేల చెట్లు కూలాయి. దారిలో కొంత భాగాన్ని నెలల తరబడి మూసేశారు. 2022 జనవరిలో పెనుపోటు, తుపాను కలిసొచ్చి గోడను మళ్లీ దెబ్బతీశాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి రాయి మీద రాయి పేర్చాల్సిందే. అంత సులువుగా సాగే దారి వెనక అంత కష్టం ఉంది.

జూన్‌లో వెళ్తే సాయంత్రం చుట్టు మొదలుపెట్టండి. సైకిల్ అప్పగించి, తీరం దగ్గర నిలబడేసరికి 9 అవుతుంది. ఇంకా వెలుతురు ఉండగానే ఫిరంగి మోగుతుంది. ఉలిక్కిపడిన పిల్లలు నవ్వేస్తారు. మరోసారి వెళ్దామా అంటారు!