డాన్యూబు తీరమున తుది మజిలీలు

జర్మనీ సరిహద్దునందలి పాసౌ పట్టణమున సైకిళ్లు అద్దెకు తీసికొని డాన్యూబు నది వెంట బయలుదేరిన మేము అయిదుగురము ఆరవనాటి సాయంకాలమునకు ఆస్ట్రియాలోని మెల్కు చేరితిమి. వియన్నావరకు గల త్రోవ సుమారు 320 కిలోమీటర్లు. అందులో ఇక 120 మాత్రమే మిగిలినవి. గట్టు చాలవరకు చదునుగానే యుండును. నదియు మనతోడనే తూర్పునకు ప్రవహించును. అయినను మా పిన్నిగారి మోకాలు వాచినది. "మీరు ముందు పదండే. నేను రైలెక్కి వచ్చి వియన్నాలో కలుస్తాను" అని ఆమె మంచముపై కూర్చుండియే చెప్పెను.

ఆ రాత్రి మాలో కొంత వాదము జరిగినది. తిరుగు విమానపు తేదీ మార్చ వీలులేదు. మెల్లగా పోయినచో వియన్నాలో మూడు దినములకు బదులు ఒక్కదినమే మిగులును. రాజప్రాసాదములు చూడవలెనని అంతదూరము వచ్చిన మా మరదలికి కన్నుల నీరు తిరిగెను. ఆమె కోరికలో అన్యాయ మేమియు లేదు. కాని అన్నిదినములు మాతో తొక్కిన పిన్నిగారు రైలు కిటికీలోనుండి మమ్ము చూచునను తలపు మాకు సహింపలేదు. మూడు మజిలీలను అయిదు చేసితిమి. మరదలు మరునాటి మధ్యాహ్నమువరకు మాటాడలేదు.

మెల్కు కొండపై 1089లో స్థాపింపబడిన క్రైస్తవ మఠమును చూచి, వంతెన దాటి వాఖౌ లోయలో ప్రవేశించితిమి. ఇరుప్రక్కల రాతిగోడలతో మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. గట్టున జల్దారు చెట్లు. హైదరాబాదు విందులలో ఖుబానీ మీఠాగా మనమెరిగిన పండే అది. అచ్చటివారు గింజ తీసి, దాని చోట చక్కెరబిళ్ల నుంచి, పిండిలో చుట్టి ఉడికించి, నేతిలో వేపిన రొట్టెపొడిలో పొరలింతురు. మన పూర్ణపు కుడుమునకు దగ్గర చుట్టము. పిన్నిగారు మూడు తినినది. మోకాలికి మందని చెప్పినది.

ఆ దారిలోనే విల్లెండార్ఫు గ్రామము. 1908లో అచ్చటి త్రవ్వకములలో పదునొకండు సెంటీమీటర్ల స్త్రీవిగ్రహ మొకటి దొరకినది. సుమారు 30,000 ఏండ్లనాటిదట. మొగము లేదు, జడలవరుసవంటిది తలనంతయు చుట్టియుండును. స్తనములు, ఉదరము మిక్కిలి పెద్దవి. అసలు విగ్రహము వియన్నా మ్యూజియములో నున్నది. ఊరిలో పెద్ద నకలు నిలిపినారు. పిన్నిగారు దానిని చాలసేపు చూచి, "ఎన్ని కాన్పులు చూచిన తల్లియో!" అనెను. వియన్నాలో నున్న ఒక్కదినము దేనికన్నది మాకప్పుడే తెలిసిపోయినది. మరదలు మాత్రము రాజప్రాసాదమును ఇంకను వదలలేదు.

స్పిట్జు వద్ద నది దాటు పంటునకు ఇంజను లేదు. ఏటికి అడ్డముగా పైన కట్టిన ఇనుపత్రాటికి తగిలించియుందురు. పంటును కొంచెము ఏటవాలుగా త్రిప్పగా ప్రవాహమే ఆవలి ఒడ్డునకు నెట్టుకొనిపోవును. డ్యూర్న్‌స్టైనులో ఇంగ్లండు రాజు రిచర్డు 1192లో బందీయైన కోట శిథిలమై కొండమీద నున్నది. మరదలొక్కతెయే పైకెక్కి, గడియలో దిగివచ్చినది. ఆ పరుగుతో ఆమె అలుకయు కొంత తీరినది.

క్రెమ్సు దాటి దక్షిణపు గట్టున పోవగా ట్స్వెంటెన్‌డార్ఫు అణువిద్యుత్కేంద్రము కనబడెను. సర్వము కట్టి ముగించిన పిదప, 1978 నవంబరు 5న ప్రజలయభిప్రాయ మడుగగా, నూటికి 50.5 మంది వలదనిరి. తేడా 30,000 వోట్లకు లోపే. ఆ కేంద్రము ఒక్కదినమైనను నడువలేదు. ఒక చిన్న పట్టణపు గృహిణులు ఆనాడు వంటపనిలో తీరికలేక ఇంటనుండిపోయినచో ఏమయ్యెడిదో!

ఇప్పుడు టుల్న్‌లో నున్నాము. నదియొడ్డున 2005లో నెలకొల్పిన శిల్పములలో, భర్తను చంపినవారిపై పగబట్టిన క్రీమ్‌హిల్డు రెండవ పెండ్లికై వచ్చి హూణరాజు ఎట్జెలును కలిసికొనుచున్నది. జుట్టు విరబోసికొన్న ద్రౌపదిని తలంపక యుండజాలక పోతిమి. ఇద్దరి పగయు వంశములనే కాల్చినది.

వియన్నాకు రెండు చిన్న మజిలీలు మిగిలినవి. పిన్నిగారు మోకాలికి కట్టు బిగించుకొని, మరదలి వెనుకచక్రమున గాలి చాలలేదని కేకవేయుచున్నది.