ఆబిడ్స్ పక్కన ఇంకో ఆబిద్

మొన్నాదివారం హైటెక్ సిటీలో ఎమ్మెమ్టీయెస్ ఎక్కి నాంపల్లిలో దిగి, ఆబిడ్స్ దాకా నడిచా. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం కాలేజీ రోజుల నుంచీ ఉన్న జబ్బే. కానీ ఈసారి ఇంట్లో కూర్చోబుద్ధి కాక వెళ్ళా. రెండేళ్ళు మేం కష్టపడి కట్టిన ప్రోడక్ట్‌ని పైవాళ్ళు ఒక్క మెయిల్‌తో మూసేశారు. "అంతా వేస్టేనా అన్నా?" అని మా టీమ్‌లో కుర్రాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అక్కడ నేతాజీ మీద ఓ పాత పుస్తకంలో ఆబిద్ హసన్ పేరు కనబడింది. ఆబిడ్స్ ఈయన పేరేనేమో అనుకున్నా. కాదండీ, అది ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల వచ్చింది. ఈయన ఇల్లు ఆబిద్ మంజిల్ ఉండేది దగ్గర్లోని ట్రూప్ బజార్లో. అదే, మనం కుళాయిలకీ టైల్స్‌కీ వెళ్తామే, అక్కడ.

ఈయనా ఇంజనీరింగ్ బాపతే! 1911లో పుట్టి, చదువుకోడానికి జర్మనీ వెళ్ళారు. నేతాజీ రమ్మంటే చదువయ్యాక వస్తానన్నారట (మనం "అప్రైజల్ అయ్యాక చూద్దాం" అనమూ?). చివరికి చదువు వదిలేశారు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవులో నేతాజీతో పాటు జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కారు. ఏప్రిల్ చివర్లో, హిందూ మహాసముద్రం మధ్యలో, రబ్బరు పడవ మీద జపాన్ సబ్‌మెరైన్‌లోకి మారారు. 1944లో ఇంఫాల్ పోరులో ఆజాద్ హింద్ ఫౌజ్ మేజర్. వానలు, ఆకలి, మలేరియా... ఓడిపోయి వెనక్కి నడిచారు. 1945 ఆగస్టులో సైగాన్‌లో విమానంలో చోటు లేక, నేతాజీని చివరిసారి సాగనంపినవాళ్ళలో ఈయనా ఒకరు.

హిట్లర్‌తో, జపాన్‌తో చేతులు కలిపిన సైన్యం కదా అంటారేమో. నిజమే, ఆ మచ్చ కడిగితే పోదు. కానీ ఆ సైన్యంలో జరిగిన ఇంకో సంగతీ నిజమే. తలో రకంగా దణ్ణం పెట్టుకునే సిపాయిలందరికీ ఒకే పలకరింపు కావాలని వెతికి "జైహింద్" పెట్టింది ఈయనేనంటారు. జెండా రంగు దగ్గర గొడవొచ్చి, హిందువులు కాషాయం పట్టు వదులుకుంటే, కదిలిపోయి తన పేరు చివర "సఫ్రానీ" అని కాషాయాన్నే తగిలించుకున్నారట. యుద్ధం ఓడిపోయింది. పలకరింపు మిగిలింది.

తర్వాత విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్క్‌లో రాయబారిగా చేసి, 1969లో రిటైరయ్యారు. 1984లో పోయారు.

అట్నుంచటే ట్రూప్ బజార్ వెళ్ళి, తెరిచున్న ఒకట్రెండు షాపుల్లో ఆబిద్ మంజిల్ ఎక్కడని అడిగా. "కౌన్సా బ్రాండ్ సాబ్?" అన్నాడొకాయన.

ప్రాణాలు పోయిన యుద్ధానికీ, నా వీకెండ్లు పోయిన ప్రోడక్ట్‌కీ పోలికేంటని నవ్వకండి. పోలిక లేదు. కాకపోతే సోమవారం ఆ కుర్రాడికి చెప్పా: గెలిచామా లేదా అన్నది ఒక లెక్క, పనిచేస్తున్నప్పుడు పక్కవాడితో ఎలా ఉన్నామన్నది ఇంకో లెక్క. రెండోది మూసేయడానికి ఏ మెయిలూ చాలదు.

వాడు నమ్మాడో లేదో తెలీదు. మీరేమంటారు?