తినని పాము

వైద్యవృత్తిలో నేను అత్యధికంగా విన్న ఫిర్యాదు "పిల్లవాడు ఏమీ తినడం లేదండీ" అన్నది. ఉద్యోగ విరమణానంతరం అరకులోయలో స్థిరపడిన నాకు, నిరుడు పుష్యమాసంలో అదే ఫిర్యాదు ఒక పాము విషయంలో వచ్చింది. విశాఖపట్నం నుండి బదిలీపై వచ్చిన ఒక కుటుంబంలో ఇంటరు చదివే కుర్రవాడు బాల్ పైథాన్‌ను పెంచుకుంటున్నాడు. "తాతగారూ, ఏడు వారాలైంది, ఎలుకను చూసి తల తిప్పుకుంటోంది. మీరొకసారి రండి" అన్నాడు. నేను పశువైద్యుణ్ణి కానని చెప్పినా వినలేదు. నోరు తెరిచి ఆహారం లోపలికి తోసేద్దామని తండ్రి పట్టుబడుతున్నాడట. వాడి భయమంతా అదే.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాల జీవి. మన కొండచిలువకు దూరపు బంధువు, విషం లేనిది. భయం కలిగితే తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది కనుక ఆ పేరు. మన తూర్పు కనుమల కొండచిలువను మాత్రం ఇంట పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తరువాత ఇటువంటి విదేశీ జీవులను పెంచేవారు కూడా ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. ఆ పత్రం చూశాకే తక్కిన కథ విన్నాను.

గాజుపెట్టెను కిటికీ పక్కన పెట్టారు, పాముకు కూడా కొండలు కనబడాలని కాబోలు! అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ పుష్యమాసపు రాత్రులు తరచు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. ఉదయాన పెట్టెలో ఉష్ణమాపకం ఉంచితే 17 డిగ్రీలు చూపింది. ఆ పాముకు పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, రెండో పక్క 25, 26 డిగ్రీలు ఉండాలి.

మనం అన్నం అరిగించుకోవడానికి కావలసిన వేడిని మన శరీరమే తయారుచేస్తుంది. పాముకు ఆ వేడి బయటి నుండి రావాలి. కొండచిలువల జాతికి భోజనం చిన్న పని కాదు. బర్మా కొండచిలువ ఆహారం మింగిన రెండు రోజుల్లో దాని గుండె కండరం సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇంత శ్రమ చలిలో సాగదు. మింగినది అరగక కడుపులోనే కుళ్ళుతుంది, లేదా బయటకు కక్కేస్తుంది. అంటే ఆ పాము మొండితనం చేయడం లేదు, తన శరీరం మాట వింటోంది. బలవంతంగా తోస్తే అన్నవాహిక గాయపడే ప్రమాదం కూడా ఉంది. తండ్రికి ఇదంతా వివరించడానికి రెండు కప్పుల కాఫీ పట్టింది.

ఎదిగిన బాల్ పైథాన్ నెలల తరబడి ఉపవసించగలదు. చూడవలసింది రోజులు కాదు, బరువు. బరువు బాగా తగ్గినా, వెన్నెముక తేలినా, నోట జిగురు కనిపించినా, ఊపిరిలో శబ్దం వచ్చినా పశువైద్యుని వద్దకు వెళ్లాలి. (ఈ లెక్క పసిపిల్లలకు వర్తించదు. పాలు మానేసిన శిశువును ఆ రోజే వైద్యునికి చూపించండి.) విశాఖలో పశువైద్యుడు పరీక్షించి జబ్బేమీ లేదన్నాక, పెట్టెను లోపలి గదికి మార్చి, థర్మోస్టాట్ ఉన్న హీటింగ్ మ్యాట్ అమర్చారు. దాగడానికి రెండు ఇరుకైన గూళ్ళు పెట్టి, మూడు వైపులా గుడ్డ కప్పారు. వారం పాటు ఎవరూ తాకలేదు. అటుపై ఒక రాత్రి, నిల్వ ఉంచిన చచ్చిన ఎలుకను గోరువెచ్చని నీటిలో వేడెక్కించి పట్టకారుతో చూపారు. ఆ పాము పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి; చల్లని ఎలుక దానికి ఎలుకే కాదు. మొదటి రాత్రి తినలేదు. మరో అయిదు రోజులకు తిన్నది.

తల్లి సంతోషించింది గాని, పామును ఇన్నాళ్ళూ ఏ కాటాపై తూచారని నేనడిగితే వంటింటి కాటా చూపించింది! సరీసృపాల ఒంటిపై సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండడం సాధారణం. పామును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అయిదేళ్ళలోపు పిల్లలను దగ్గరకు రానీయకూడదు. కాటా మార్చారు. ఎలుకలు మాత్రం ఇంకా ఐస్‌క్రీమ్ పక్కనే ఉన్నాయని తెలిసి, వేరే చిన్న ఫ్రిజ్ కొనేదాకా ఆ ఇంట నేను కాఫీ కూడా ముట్టనన్నాను.