క్లియరెన్స్ అంటే ఏమిటి?

'క్లియర్' అనే మాటకు మా ఏజెన్సీ పిల్లలకు అర్థం చెప్పక్కర్లేదు. పరీక్ష క్లియర్ కావడం, అప్పు క్లియర్ చెయ్యడం, రోడ్డు క్లియర్‌గా ఉండడం వాళ్లు రోజూ వినేవే. శుభ్రంగా, స్పష్టంగా, అడ్డు లేకుండా అని నేనూ బోర్డు మీద రాస్తాను. వినడానికి మంచి మాటే. కానీ శుభ్రం చెయ్యాలంటే ముందు ఏదో ఒకటి మురికి అని తేల్చాలి. అడ్డు తీయాలంటే ఎవరో ఒకరు అడ్డమని తేల్చాలి. ఆ తేల్చేది ఎవరు? ఈ మాట మీద నా అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఈ మాట పుట్టిన ఇంగ్లీషువాళ్ల పక్కనే స్కాట్లాండు ఉంది. అక్కడి కొండప్రాంతంలో 18, 19 శతాబ్దాల్లో భూస్వాములు కౌలు రైతుల ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి, ఆ నేలను చాలాచోట్ల గొర్రెల పెంపకానికి ఇచ్చారు. చరిత్రలో దాని పేరు 'క్లియరెన్సెస్'. అక్కడ తీసేసింది రాళ్లూ ముళ్లూ కాదు, మనుషుల్ని.

మన దగ్గర ఈ మాట కాగితం మీద వస్తుంది. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద గనికో ఆనకట్టకో అడవి భూమి ఇవ్వడానికి కేంద్రం ఇచ్చే అనుమతిని 'ఫారెస్ట్ క్లియరెన్స్' అంటారు. మా తాత పోడు కొట్టేవాడు. ఇప్పచెట్టు జోలికి, చింతచెట్టు జోలికి పోయేవాడు కాదు. కొన్నేళ్లు పండించుకుని నేలను మళ్లీ అడవికే వదిలేసేవాడు. దాన్ని ఆక్రమణ అన్నారు. గని కోసం కొండకు కొండే బోడి చేస్తే అది క్లియరెన్స్. చెట్టు కొట్టింది ఇద్దరూ. పేర్లు పెట్టింది మాత్రం మనం కాదు.

అయితే ఈ మాటకు ఎదురు చెప్పే దారి చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 4(5) సెక్షన్ ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో బతికేవాళ్లను ఖాళీ చేయించకూడదు. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైటు గని తవ్వాలన్నప్పుడు, ఆ కొండ మీద డోంగ్రియా కోందులు మొదలైనవారి హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. సభలు జరిగిన 12 ఊళ్లూ గని వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం క్లియరెన్స్ నిరాకరించింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఉపాధ్యాయ మిత్రులూ! ఎవరైనా మన ఊరికి వచ్చి క్లియర్ చేస్తామంటే, దేన్ని, ఎవరిని, ఎవరి కోసం అని అడుగుదాం. గ్రామసభ రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వేసే ముందు, తీర్మానాన్ని మన భాషలో చదివించుకుని విందాం.