తొందరపెట్టిన గడియారం



మొన్న సంక్రాంతి సెలవులకు మా మనవడు వచ్చాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి బల్ల మీద పెట్టుకునే పెద్ద కంప్యూటరు వున్నది. "తాతయ్యా, మా కంప్యూటరు ప్రాసెసరును కంపెనీవాళ్ళు చెప్పిన దానికన్నా వేగంగా నడిపించవచ్చునట. ఓవర్‌క్లాకింగ్ అంటారట. చెయ్యనా?" అని అడిగాడు.

నేను వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. నా పాత డైరీలో దాచుకున్న ఒక కాగితం తీసి వాడి చేతికిచ్చాను. ఆ కాగితం కథ మీకు కూడా చెబుతాను, వినండి.

ప్రాసెసరు అంటే కంప్యూటరుకు మెదడు వంటిది. దానికొక గడియారం వుంటుంది. ఆ గడియారం టిక్కుమన్నప్పుడల్లా ప్రాసెసరు ఒక అడుగు ముందుకు వేస్తుంది. 1971లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన 4004 అనే చిన్న ప్రాసెసరు గడియారం సెకనుకు 7 లక్షల 40 వేల సార్లు కొట్టుకునేది. 1998లో అదే కంపెనీ సెలెరాన్ 300ఏ అనేదాన్ని తెచ్చింది. దాని గడియారం సెకనుకు 30 కోట్ల సార్లు కొట్టుకునేది!

ఈ 30 కోట్లు యెలా వచ్చాయో చూడండి. కంప్యూటరు లోపలి పెద్ద పలక మీద ఒక మూల గడియారం వుంటుంది. అది సెకనుకు సుమారు 6 కోట్ల 67 లక్షల సార్లు కొడుతుంది. ప్రాసెసరు దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకుంటుంది. గుణించి చూస్తే 30 కోట్లు వస్తాయి. ఆ నాలుగున్నరను మనం మార్చలేము. కాని మూల గడియారాన్ని 10 కోట్లకు పెంచితే? 45 కోట్లు! పైసా ఖర్చు లేకుండా ఒకటిన్నర రెట్ల వేగం. ఈ సంగతి తెలిసి ఆ రోజుల్లో దేశదేశాలలో కుర్రవాళ్ళు గంతులు వేశారు.

గంతులు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పుడు నేను పల్నాడులో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టరుగా వున్నాను. 1999 డిసెంబరులో సికింద్రాబాదులో విడిభాగాలు కొని, నా చేతులతోనే కంప్యూటరు కూర్చుకున్నాను. అందులో పెట్టింది ఆ సెలెరానే. ఒక రాత్రి దాని గడియారాన్ని 45 కోట్లకు పెంచాను. కంప్యూటరు కొంతసేపు నడిచి బిగుసుకుపోయింది. 2 వోల్టులు వుండే విద్యుత్తును 2.2కు పెంచాను. ఇక చక్కగా నడిచింది. నా గొప్ప నేనే వూరంతా చెప్పుకున్నాను.

వోల్టులు యెందుకు పెంచాలి? ఒకే రోటిలో యిద్దరు ఆడవాళ్ళు వడ్లు దంచటం మీరు చూడకపోతే, మీ అమ్మమ్మనడగండి. ఒకరి రోకలి పైకి లేచాకనే రెండోవారి రోకలి దిగాలి. పాట వేగం పెంచితే చేతులు కూడా అంత వేగంగా కదలాలి. కదలలేదా, రోకళ్ళు ఢీకొంటాయి. ప్రాసెసరులోనూ అంతే. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య లోపలి మీటలన్నీ తమ పని ముగించాలి. ముగించకపోతే, సగంలో వున్న పనినే పూర్తయినదనుకుని ప్రాసెసరు ముందుకు పోతుంది. వోల్టులు పెంచితే మీటలు త్వరగా కదులుతాయి.

కాని బలంగా దంచితే చెమట పట్టదూ? ఇక్కడ ఒక లెక్క వున్నది. టిక్కులు యెన్ని రెట్లు పెరిగితే వేడి అన్ని రెట్లు పెరుగుతుంది. వోల్టులు పెరిగితే, ఆ పెరుగుదలను దానితోనే గుణించినంత పెరుగుతుంది. 2 నుంచి 2.2 అంటే 1.1 రెట్లు. 1.1ని 1.1తో గుణిస్తే 1.21. దాన్ని వేగం పెరిగిన 1.5తో గుణిస్తే 1.8 దాటింది. వేగం ఒకటిన్నర రెట్లే, వేడి మాత్రం దాదాపు రెండింతలు!

ఆ వేడిని బయటికి పంపటానికి ప్రాసెసరు మీద అల్యూమినియం రెక్కలూ, వాటి మీద చిన్న పంకా వుంటాయి. రెక్కలకూ ప్రాసెసరుకూ మధ్య కంటికి కనిపించని సందులలో గాలి చిక్కుకుంటుంది. గాలి వేడిని సరిగా పోనివ్వదు. అందుకని మధ్యలో ఒక రకం లేపనం పూస్తారు. ఇంత చేసినా పంకా విసిరేది గదిలోని గాలినే కదా! ప్రాసెసరు గది కన్నా 35 డిగ్రీలు ఎక్కువ వేడిగా వుంటుందనుకోండి. గది 25 డిగ్రీలుంటే అది 60, గది 42 అయితే అది 77. పైగా వేడెక్కినకొద్దీ లోపలి మీటలు మందగిస్తాయి. ఇంత తెలిసిన లెక్కల మాస్టరు ఒక్క సంగతి మరిచాడు. ఆయన కంప్యూటరు వేగం పెంచింది డిసెంబరులో. ఆయన వున్నది పల్నాడులో!

2000 ఏప్రిల్ నెలాఖరు. తొమ్మిదో తరగతి పరీక్షల మార్కులు నా కంప్యూటరులో యెక్కించాను. కాగితాలతో సరిచూసుకున్నాను. అన్నీ సరిగానే వున్నాయి. మధ్యాహ్నం వడగాలి కొడుతూండగా, మొత్తాలు కట్టి జాబితా అచ్చు తియ్యమన్నాను. అచ్చయిన దాన్ని మళ్ళీ చూడలేదు. యంత్రం తప్పు చేస్తుందా? తీసుకుపోయి బడి గోడకు అంటించాను.

సాయంత్రం ఒక అమ్మాయి మా యింటికి వచ్చింది. కళ్ళు యెర్రగా వున్నాయి. "మాస్టారూ, నాకు లెక్కల్లో 34 వేశారండీ. నేను ఫెయిలట. ఫెయిలైతే చదువు చాలని మా నాన్న ముందే చెప్పాడండీ," అన్నది. అప్పట్లో 35 వస్తేనే పాసు.

"కంప్యూటరు చేసిన లెక్కమ్మా, తప్పుండదు," అన్నాను.

ఆ పిల్ల కదలలేదు. "నేను యింటికి పోయి లెక్కలన్నీ మళ్ళీ చేసి చూసుకున్నానండీ. 70కి తగ్గవు. ఒక్కసారి పేపరు చూడండి మాస్టారూ," అన్నది.

విసుక్కుంటూనే కట్ట విప్పాను. జవాబు పత్రం మీద నా చేత్తో, యెర్ర సిరాతో వేసిన 74 వున్నది!

మొత్తం కూడా 34తోనే సరిపోయింది కనుక నాకు అనుమానం కలగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద వ్రాసి చూశాను. కంప్యూటరుకు తెలిసినవి 1, 0 మాత్రమే. ఆ భాషలో 7ను 0111 అని వ్రాస్తారు, 3ను 0011 అని వ్రాస్తారు. తేడా ఒకే ఒక్క 1. ఆ ఒక్క 1 జారిపోతే 74 కాస్తా 34 అవుతుంది!

అది జారటానికి నా తొందరే కారణమా? ఒక మిత్రుడు ప్రైమ్95 అనే ప్రోగ్రామును ఫ్లాపీలో తెచ్చి యిచ్చాడు. అది పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను వెతుకుతుంది. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి ప్రాసెసరును పరీక్షిస్తుంది కూడా. మిట్టమధ్యాహ్నం 45 కోట్ల వేగంతో నడిపితే కొద్ది నిమిషాలలోనే తప్పు దొరికింది. 30 కోట్లకు తగ్గించి మర్నాడు పగలంతా నడిపాను. ఒక్క తప్పు లేదు. తయారుచేసినవారి తప్పేమీ లేదు. వారు దాని మీద 30 కోట్లనే ముద్రించారు.

తెల్లవారగానే ఆ అమ్మాయి యింటికి వెళ్ళి, వాళ్ళ నాన్నతో, "తప్పు నాది, పిల్లది కాదు," అని చెప్పాను. జాబితా అంతా చేత్తో వ్రాసి అంటించాను. ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చింది. చింపి తెచ్చిన పాత జాబితాయే నా డైరీలోని కాగితం.

ఇప్పటి ప్రాసెసర్లు తెలివైనవి. తమ వేడిని తామే కొలుచుకుంటాయి. హద్దు దగ్గరపడితే వేగం తామే తగ్గించుకుంటాయి. ఇక పందాలు వేసేవారి సంగతి చెప్పాలా? 2011లో ఎ.ఎం.డి. ప్రాసెసరు ఒకదాన్ని ద్రవ హీలియంతో చల్లబరచి సెకనుకు 842 కోట్ల టిక్కులకు పైగా నడిపించారు. ఆ తరువాత 900 కోట్లు కూడా దాటారు. అది సరదా. మంచిదే.

మా మనవడికి నేను చెప్పింది యిది: "నాన్నను పక్కన పెట్టుకుని చెయ్యి. ముందు వేడి యెంతో కొలువు. వేగం కొంచెం కొంచెంగా పెంచు. వోల్టులు కంపెనీవారు చెప్పిన హద్దు దాటనివ్వకు. ప్రతిసారీ జవాబు తెలిసిన లెక్కతో పరీక్షించు. వేసవిలో మళ్ళీ పరీక్షించు. ఒకరి మార్కులు మాత్రం ఆ యంత్రానికి అప్పగించకు."

వాడు కాగితం చాలాసేపు చూసి, "తాతయ్యా, ఆ అమ్మాయి అడగకపోతే?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర యిప్పటికీ జవాబు లేదు.

మీకు మాత్రం ఒక లెక్క యిస్తాను. కంప్యూటరు భాషలో 9 అంటే 1001. ఒక పిల్లవాడికి 91 మార్కులు వచ్చాయి. ఆ 9లో యెడమవైపు 1 జారిపోతే వాడికి మిగిలేవి యెన్ని మార్కులు? చెయ్యండి. చేసిన తరువాత, మరొకసారి సరిచూసుకోండి.