గీతకీ చోటు కావాలి



ఈ గోడపత్రికలో నా వ్యాసం మీరు ఎప్పుడూ చదివి ఉండరు. కాని ప్రతి సంచికలోనూ నా చెయ్యి ఉంది. నా దస్తూరి బాగుండదు కాబట్టి రాసే పని నాకు ఇవ్వరు. అంచులు గీసే పని ఇస్తారు. స్కేలు పెట్టి గీతలు గీసి, వాటి మీద స్కెచ్ పెన్నులతో తీగలు, పువ్వులు, చుక్కలు వేసేది నేనే. ఈసారి మాత్రం రెండు సంగతులు రాయాలనిపించింది. ఒకటి నేను చేసిన తప్పు. రెండోది కంప్యూటరు గదిలో నేర్చుకున్నది. రెండూ ఒకటే సంగతని నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందు తప్పు చెబుతాను.

పోయిన ఏడాది కార్తీకమాసం సంచికకి ఐదో తరగతి తమ్ముడొకడు, వాళ్ల అయ్య తనని ఈ బడిలో చేర్చిన రోజు గురించి రాశాడు. గెడ్డ పొంగితే అయ్య భుజాల మీద ఎక్కించుకుని దాటించడం, బస్సులో వాంతి చేసుకోవడం, కొత్త రేకుపెట్టె, అన్నీ రాశాడు. సంపాదకుడు అన్న దానికి చార్టు మీద 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు చోటు ఇచ్చాడు. వరసలు లెక్కపెట్టే ఇచ్చాడు. నేను ఆ చోటు లోపలే నాలుగు వైపులా అంగుళం మందాన పువ్వుల తీగ వేసేశాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. రాసే అన్న వచ్చేసరికి మిగిలింది వెడల్పు 6, ఎత్తు 8 అంగుళాలే. అంటే 80 చదరపు అంగుళాల చోటు 48 అయిపోయింది. అక్షరాలు చిన్నవి చేసి రాసినా చివరి నాలుగు వరసలు పట్టలేదు. “పర్వాలేదులే, సంగతి తెలిసిపోయింది గదా” అన్నాడు అన్న. నేనూ ఊరుకున్నాను. నా పువ్వులు చెరపడం నాకు ఇష్టం లేదు మరి.

తరవాత ఆదివారం వాడి అయ్య చూడ్డానికి వచ్చాడు. ఆయనకి చదువు రాదు. వాడు అయ్య చెయ్యి పట్టుకుని గోడపత్రిక దగ్గరికి తీసుకొచ్చి, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివి వినిపించాడు. నేను కంచం కడుక్కుని వస్తూ ఆగాను. రాసింది అయిపోయింది. వాడి వేలు మాత్రం ఆగలేదు, నా పువ్వుల మీదికి వెళ్లింది. “అయ్య వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లాడు. చూస్తే నేను ఏడుస్తానని చూడలేదు. మలుపు దగ్గర తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను గేటు పట్టుకుని అంతా చూశాను.” ఇలా పువ్వుల మీద వేలు జరుపుతూ నాలుగు వరసలూ చెప్పాడు. వాళ్ల అయ్య కాసేపు ఏమీ అనలేదు. తరవాత “ఇంకోపాలి సదువు” అన్నాడు.

సాయంత్రం వాడిని అడిగాను. “ఏటిరా, గోడ మీద లేనిది చదివీసినావు?”

“లేకపోడమేటన్నా? నాను రాసినాను గదా. నీ పువ్వుల కింద ఉంది” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు రెండో సంగతి. ఈ ఏడు సారు మాకు వెబ్ పేజీ తయారు చెయ్యడం చెబుతున్నారు. పేజీలో ఏమేమి ఉన్నాయో చెప్పేది హెచ్‌టీఎంఎల్. అవి ఎలా కనబడాలో చెప్పేది సీఎస్ఎస్. దీన్ని 1994లో హాకోన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు ప్రతిపాదించారు. ఆయన, బెర్ట్ బోస్ కలిసి తయారు చేసిన మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది. అందులోనే అంచులు ఉన్నాయి. వాటిని బోర్డర్ అంటారు. పాఠం పేరు వినగానే ఇది నా పనే అనుకున్నాను.

అంచుకి మూడు చెప్పాలి: మందం, రకం, రంగు. ‘బోర్డర్: 3 పిక్సెల్ సాలిడ్ రెడ్’ అంటే 3 చుక్కల మందాన నిండు ఎర్రగీత వస్తుంది. కంప్యూటరులో ఇది ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. నేను మొదట మందం, రంగు కొట్టాను. ఏమీ రాలేదు. మూడుసార్లు చూసుకున్నాను. రకం చెప్పడం మరిచిపోయానని సారు చూపించారు. రంగు చెప్పకపోతే అక్షరాల రంగే అంచుకి వేస్తుంది. మందం చెప్పకపోతే మధ్యరకంగా వేస్తుంది. రకం చెప్పకపోతే మాత్రం అంచు వద్దన్నామని అనుకుంటుంది. రకాలు చాలా ఉన్నాయి. డాటెడ్ అంటే చుక్కలు, డాష్డ్ అంటే తెగిన గీతలు, డబుల్ అంటే జంటగీత. జంటగీతకి కనీసం 3 పిక్సెళ్లు ఇవ్వాలి: గీతకి ఒకటి, సందుకి ఒకటి, రెండో గీతకి ఒకటి. ఒక్క కింది వైపే గీత కావాలన్నా వస్తుంది. బోర్డర్ రేడియస్ చెబితే మూలలు గుండ్రంగా తిరుగుతాయి.

అంతవరకు నాకు ఆటగానే ఉంది. తరవాత సారు 800 పిక్సెళ్ల పేజీలో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టమన్నారు. ఒక్కోటి 400 ఇచ్చి, ఫ్లోట్ అనే మాటతో పక్కపక్కన నిలబెట్టాను. సరిగ్గా సరిపోయాయి. అందంగా ఉంటుందని ఒక్కోదానికి చుట్టూ 5 పిక్సెళ్ల అంచు వేశాను. రెండో పెట్టె కిందికి పడిపోయింది. మామూలుగా సీఎస్ఎస్‌లో మనం చెప్పే వెడల్పు లోపలి మాటలకే. అంచు దాని బయట చేరుతుంది. ఎడమ 5, కుడి 5 కలిపి ఒక్కో పెట్టె 410 అయింది. రెండూ కలిపితే 820. పేజీ 800 మాత్రమే.

సారు ఒక వరస చేర్పించారు: ‘బాక్స్ సైజింగ్: బోర్డర్ బాక్స్’. అప్పుడు 400లోనే అంచు కూడా కలిసిపోతుంది, మాటలకి 390 మిగులుతుంది. రెండో పెట్టె తిరిగి పైకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కార్తీకమాసం సంచిక గుర్తొచ్చింది. నేను చేసింది సరిగ్గా ఇదే. అంచుని లోపలికి తెచ్చాను, లోపల ఎంత మిగిలిందో చూడలేదు.

మరి మాటలు పట్టకపోతే కంప్యూటరు ఏం చేస్తుందని సారుని అడిగాను. ఎత్తు బిగించేసి చూడమన్నారు. చూశాను. మాటలు అంచు దాటి కిందికి వచ్చేశాయి. చూడ్డానికి బాగాలేదు గాని ఒక్క మాట కూడా పోలేదు. ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ అని మనం రాస్తేనే దాస్తుంది. దాస్తుంది గాని తీసెయ్యదు, పేజీలో అవి ఉంటాయి. తమ్ముడు చెప్పింది కూడా అదే గదా.

మాది సవర ఊరు. మా తాత ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేసేటప్పుడు ముందు చట్టం గీసుకునేవాడు. తరవాత లోపల మనుషులు, చెట్లు, ఏనుగులు వేసేవాడు. చోటు చాలదనుకుంటే మనుషుల్ని చిన్నగా వేసేవాడు. పట్టలేదని ఎవరినీ వదిలెయ్యగా నేను చూడలేదు. ఇంట్లో చూసిందే నాకు బళ్లో గుర్తు రాలేదు.

ఇప్పుడు నేను ముందు వరసలు లెక్కపెట్టుకుంటున్నాను. మాటలకి, గీతకి మధ్య వేలెడు సందు వదులుతున్నాను. దాన్ని సీఎస్ఎస్‌లో పాడింగ్ అంటారు. మిగిలిన దాంట్లోనే అంచు. చోటు లేకపోతే ఒక్క పెన్సిలు గీతే వేస్తున్నాను. పువ్వులు తగ్గాయేమని కొందరు అడిగారు. కారణం ఇదే.

తమ్ముడి చివరి నాలుగు వరసలు ఈ వ్యాసం కింద ఉన్నాయి. వాడి చేతే రాయించాను. చుట్టూ ఒక్క గీతే వేశాను. దయచేసి చదవగలరు. తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు
మీ అంచులు గీసేవాడు
9వ తరగతి